వాచ్‌మెన్ సినిమా వదిలేసిన వీధి మలుపు

జాక్ స్నైడర్ దర్శకత్వంలో ‘వాచ్‌మెన్’ సినిమా 2009 మార్చిలో విడుదలైన నాటి నుంచి, ఆ కామిక్‌ను ప్రేమించేవాళ్లు ఎక్కడ కలిసినా వాదన చివరికి స్క్విడ్ అనే రాక్షసజీవి దగ్గరికే చేరుతుంది. కామిక్‌లో న్యూయార్క్ నడిబొడ్డున హఠాత్తుగా ప్రత్యక్షమై, తన మరణఘోషతో సగం నగరాన్ని చంపే ఆ వికృతాకారాన్ని సినిమా తీసేసి, దాని స్థానంలో, కథలో అతీంద్రియ శక్తులున్న వీరుడు డాక్టర్ మాన్‌హాటన్ శక్తిని పోలిన పేలుళ్లను పెట్టింది. ఇది ద్రోహమని ఒక వర్గం, కాదు ఇదే మేలైన ముగింపని ఇంకో వర్గం ఇన్నేళ్లుగా తగవు పడుతూనే ఉన్నాయి. నేను ఈ రెండింటిలో ఏ వర్గంలోనూ లేను. కథ అల్లిక దృష్టితో చూస్తే సినిమా ముగింపు పొందికగానే ఉంది. అప్పటికే కథలో ఉన్న మనిషి మీదికే నింద వెళ్లడం వల్ల కొత్త వింతజీవి ఒకటి చివర్లో వచ్చి పడవలసిన అవసరం తప్పింది. నా అభ్యంతరం వేరు. స్క్విడ్‌తో పాటు అది చంపిన మనుషులను కూడా ఈ సినిమా తీసేసింది. దాని గురించి అభిమానులు మాట్లాడుకోవడం చాలా తక్కువగా విన్నాను. కథ మొత్తం బయటపెట్టకుండా ఈ మాట వివరించడం సాధ్యం కాదు కనుక, కామిక్ ఇంకా చదవనివాళ్లు ముందు దాన్ని చదివి రావడం మంచిది.

తెలియనివారి కోసం నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. బ్రిటిష్ రచయిత అలన్ మూర్, చిత్రకారుడు డేవ్ గిబ్బన్స్, రంగులద్దిన జాన్ హిగ్గిన్స్ కలిసి డీసీ కామిక్స్ కోసం 1986, 1987 సంవత్సరాల్లో 12 సంచికలుగా తెచ్చిన కథ ఇది. ముసుగు వేసుకుని నేరస్థులను పట్టే మనుషులు నిజంగానే ఉండి ఉంటే అమెరికా ఎలా మారేదన్నది దాని ఊహ. ఆ లోకంలో వియత్నాం యుద్ధాన్ని అమెరికా గెలిచింది, 1985లోనూ నిక్సనే అధ్యక్షుడు, 1977లో వచ్చిన చట్టం ముసుగు వీరులను నిషేధించింది, సోవియట్ యూనియన్‌తో అణుయుద్ధం నేడో రేపో అన్నట్టుంది. వీళ్లందరిలో నిజమైన అతీంద్రియ శక్తులున్నవాడు డాక్టర్ మాన్‌హాటన్ ఒక్కడే. మిగిలినవాళ్లు పొట్ట పెరిగినవాళ్లు, ఒంటరివాళ్లు, మనసు చెదిరినవాళ్లు. వారిలో అత్యంత తెలివైనవాడని పేరు పడ్డ ఓజిమాండియస్, యుద్ధాన్ని ఆపాలంటే లోకమంతటికీ ఉమ్మడి శత్రువు ఒకటి కావాలని నిర్ణయించుకుని, అందుకోసం ఆ స్క్విడ్‌ను సృష్టించి లక్షల మందిని చంపుతాడు.

అంత పెద్ద హత్యాకాండ వైపు నడిచే కథలో మూర్, గిబ్బన్స్ తీసుకున్న అతి ముఖ్యమైన నిర్ణయం, నా ఉద్దేశంలో, వీరుల గురించినది కాదు. న్యూయార్క్‌లో ఒక వీధి మలుపును ఎంచుకుని, అక్కడ ఒక పత్రికల బడ్డీ పెట్టి, దాని చుట్టూ కొందరు మామూలు మనుషులను సంచిక తర్వాత సంచికగా తిప్పడం ఆ నిర్ణయం. బడ్డీవాడు పొద్దస్తమానం రాజకీయాలు మాట్లాడతాడు. పక్కనే కూర్చున్న కుర్రవాడు కొనకుండానే ఒక సముద్రపు దొంగల కామిక్‌ను మళ్లీ మళ్లీ చదువుతుంటాడు, బడ్డీవాడి మాటలు సగమే వింటాడు. టాక్సీ నడిపే జోయీ అనే అమ్మాయి అక్కడ ఆగుతుంది, ఆమె ప్రేయసి ఆలీన్ ఆమె కోసం వస్తుంది. కథ మొదట్లోనే చనిపోయే కమెడియన్ అనే ముసుగు వీరుడి హత్యను విచారించే ఇద్దరు పోలీసులు ఆ దారినే వెళ్తారు. ముసుగు వీరుల్లో ఒకడైన రోర్షాక్ కూడా ముసుగు లేని తన మామూలు ముఖంతో, ప్రళయం దగ్గర పడిందన్న పలక పట్టుకుని అక్కడే తిరుగుతుంటాడు, మనం మాత్రం చాలాసేపు అతన్ని గుర్తుపట్టం. వీళ్లలో ఎవ్వరూ కథను ముందుకు నడపరు. మొదటిసారి చదువుతున్నప్పుడు ఈ పేజీలు ఎందుకున్నాయో అర్థం కాదు. అసలు కథకు ఎప్పుడు వెళ్తామా అని చకచకా తిప్పేస్తాం. పదకొండో సంచిక దాకా ఆ తొందర మనల్ని వదలదు.

ఈ మలుపు గురించి ఇంకా చెప్పవలసింది ఉంది. దానికంటే ముందు సినిమా గొప్పదనాన్ని ఒప్పుకోవాలి, ఎందుకంటే స్నైడర్ ఈ కామిక్‌ను ప్రేమించలేదని ఎవరన్నా నేను అంగీకరించను. మొదట్లో పేర్లు పడుతున్నప్పుడు బాబ్ డిలన్ పాట వెనకాల వచ్చే ఐదారు నిమిషాల దృశ్యమాలిక, నలభై ఐదేళ్ల ప్రత్యామ్నాయ చరిత్రను దాదాపు కదలని చిత్రాలతో చెప్పేస్తుంది. కామిక్ గడుల స్వభావాన్ని సినిమా భాషలోకి అంత అందంగా తెచ్చిన సన్నివేశాలు తక్కువ. జాకీ ఎర్ల్ హేలీ చేసిన రోర్షాక్ పాత్రకు వంక పెట్టలేం. డాక్టర్ మాన్‌హాటన్ అంగారక గ్రహం మీద కూర్చుని భూత భవిష్యత్తులను ఒకేసారి చూసే భాగాన్ని ఎవరూ తెరకెక్కించలేరనుకున్నాను. బిల్లీ క్రూడప్ గొంతు దాన్ని మోసింది. రక్తపు చుక్క పడిన పసుపు బ్యాడ్జి మొదలుకొని అనేక ఫ్రేములు గిబ్బన్స్ బొమ్మలకు అచ్చు నకళ్లు. తన రచనల ఆధారంగా తీసిన సినిమాలతో విసిగిన మూర్ పేరు వేయవద్దన్నాడు కనుక, సహసృష్టికర్తగా గిబ్బన్స్ పేరు ఒక్కటే తెరమీద పడింది. ఆ సహసృష్టికర్త గీసిన గీతలకు ఈ సినిమా చూపిన గౌరవం నిజమైనది.

అయితే గీతను నకలు చేయడం, ఆ గీత చేస్తున్న పనిని చేయడం ఒకటి కావు. మొట్టమొదటి హత్యనే తీసుకుందాం. కామిక్‌లో కమెడియన్ చావును మనం నేరుగా చూడం. ఇద్దరు పోలీసులు పగిలిన కిటికీ దగ్గర నిలబడి, ఇంత దృఢకాయుణ్ణి ఎవరు ఎత్తి పడేసి ఉంటారని ముచ్చటించుకుంటుంటే, ఆ మాటల మధ్య ఎర్రటి రంగులో ముంచిన కొన్ని గడులు మాత్రమే మెరుస్తాయి. ఒక చేయి, ఒక దెబ్బ, ఒక ముఖం, ఆ తర్వాత పతనం. జరిగినదాని బరువు పోలీసుల మామూలు మాటల్లోంచి మన మీదికి వస్తుంది. సినిమాలో అదే హత్య గోడలు బద్దలయ్యే, బల్లలు ముక్కలయ్యే పూర్తిస్థాయి పోరాటం. మధ్యమధ్య కాలం నెమ్మదిస్తుంది, గాజుముక్కలు గాలిలో తేలుతాయి. కిటికీలోంచి పడే బొమ్మ మాత్రం కామిక్‌లో ఉన్నట్టే ఉంటుంది. అదే ఫ్రేమని అభిమాని మురిసిపోతాడు, కానీ వయసుమళ్లిన ఒక క్రూరుడు తన ఇంట్లో దిక్కులేకుండా చచ్చిపోవడమన్న సంగతి ఆ పోరాటం అందంలో కరిగిపోతుంది.

మన తెలుగు ప్రేక్షకులకు ఈ పద్ధతి బాగా పరిచయమే. కథానాయకుడు దెబ్బ కొట్టే ముందు కాలాన్ని నెమ్మదింపజేసి, అతని అడుగు కింద దుమ్ము లేపి, నేపథ్య సంగీతాన్ని ఆకాశానికెత్తే ఎలివేషన్ షాట్లను చూస్తూ పెరిగాం. వాటిని నేనూ మనస్ఫూర్తిగా ఆనందిస్తాను. తెరమీది మనిషిని మనకంటే ఎత్తులో నిలబెట్టడం ఎలివేషన్ పని. ఆ ఎత్తు అవసరమైన కథలో అది ధర్మమే. వాచ్‌మెన్ మాత్రం ముసుగు మనిషిని ఆ ఎత్తు నుంచి కిందికి దింపి, అతని ఆయాసాన్నీ భయాన్నీ చూపించడానికే పుట్టిన కథ. చీకటి సందులో దుండగులు చుట్టుముట్టినప్పుడు మాజీ ముసుగు వీరులైన డాన్, లారీ అనే ఇద్దరు చేసే పోరాటం కామిక్‌లో చిన్నది, అది కూడా డాక్టర్ మాన్‌హాటన్ టీవీ ముఖాముఖితో ఒక గడి విడిచి ఒక గడిగా కలిసిపోయి ఉంటుంది. పోరాటం ముగిశాక ఇద్దరూ రొప్పుతూ, ఒకరి ముఖం ఒకరు చూడలేక నిలబడతారు. సినిమాలో ఆ పోరాటంలోనే మోచేతి ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తుంది, ఆ శబ్దం థియేటరంతా వినిపిస్తుంది. రోర్షాక్ బందీగా ఉన్న చెరసాల సన్నివేశంలో కామిక్‌లో ఒక ఖైదీ గొంతు కోస్తారు. సినిమాలో రంపంతో అతని రెండు చేతులూ నరుకుతారు. ఆ తర్వాత నడవలో డాన్, లారీ ఖైదీలను ఒకరి తర్వాత ఒకరిని పడగొట్టే పోరాటం దాదాపుగా సినిమా సొంత కల్పన.

ఇవన్నీ చూస్తే దర్శకుడికి రక్తం చూపడంలో ఎలాంటి జంకూ లేదని స్పష్టమే. కనుక చివర్లో లక్షల మంది చనిపోయినప్పుడు ఆ రక్తం ఎందుకు కనిపించదన్న ప్రశ్న అడగక తప్పదు. సినిమాలో ప్రపంచంలోని పలు నగరాలు నీలి వెలుగులో ఆవిరైపోతాయి. మనుషులు ఒక్క క్షణంలో ధూళి అవుతారు. మిగిలేది పెద్ద గుంట, కూలిన కట్టడాలు. కామిక్‌లో పన్నెండో సంచిక తెరవగానే ఆరు పేజీలు, ఒక్కో పేజీకి ఒక్కటే బొమ్మ, ఒక్క మాట మాట్లాడేవాళ్లు లేరు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ముందు గుట్టలుగా శవాలు, కిటికీల నుంచి వేలాడే శవాలు, వీధుల్లో పారిన రక్తం. అప్పటిదాకా పదకొండు సంచికల పాటు పేజీకి తొమ్మిది చిన్న గడుల చట్రానికి మన కళ్లు అలవాటు పడ్డాయి. హింసను ఆ చట్రం ఎప్పుడూ ముక్కలు చేసి, అదుపులో ఉంచి ఇచ్చింది. ఆ చట్రం బద్దలై మొదటిసారి పేజీ మొత్తం తెరుచుకునేది ఈ శవాల కోసం. అంతవరకు మూర్, గిబ్బన్స్ దాచిపెట్టుకున్న పెద్ద బొమ్మలన్నీ ఇక్కడే ఖర్చు పెట్టారు. స్నైడర్ తన పెద్ద బొమ్మలను మొదటి సన్నివేశం నుంచే పోరాటాలకు ఖర్చు పెట్టి, నగరం చచ్చేటప్పటికి చూపడానికి వెలుగు తప్ప ఏమీ మిగుల్చుకోలేదు.

ఆ ఆరు పేజీల్లోని శవాలు మనల్ని కదిలించేది వాటి సంఖ్య వల్ల మాత్రమే కాదు. అందులో కొందరు మనకు తెలిసినవాళ్లు. ఇక్కడ డాక్టర్ మాల్కమ్ లాంగ్ గురించి కాస్త తీరికగా చెప్పాలి, ఎందుకంటే సినిమా చేసిన నష్టమంతా నాకు ఈ ఒక్క మనిషిలో కనిపిస్తుంది.

ఆరో సంచిక మొత్తం డాక్టర్ లాంగ్ కళ్లలోంచి నడుస్తుంది. ఆయన చెరసాలలో రోర్షాక్‌ను పరీక్షించే మానసిక వైద్యుడు. ఆశావాది, భార్య గ్లోరియాను ప్రేమించేవాడు, ఈ కేసుతో తనకు పేరు కూడా రావచ్చని లోలోపల సంతోషించేవాడు. సిరా మరకల కార్డులు చూపిస్తే రోర్షాక్ సీతాకోకచిలుక అని, పూలు అని ఆయన కోరుకున్న జవాబులే ఇస్తాడు. తర్వాత అసలు మాట చెబుతాడు. 1975లో అపహరణకు గురైన ఆరేళ్ల పాపను వెతుక్కుంటూ వెళ్తే, ఆ పాప ఎముకలను కుక్కలు కొరుకుతూ కనిపించాయని, ఆ రాత్రి తన లోపలి మనిషి చచ్చిపోయాడని చెబుతాడు. కామిక్‌లో రోర్షాక్ హంతకుణ్ణి సంకెలతో పొయ్యికి బిగించి, చేతికందేలా రంపం పెట్టి, ఇంటికి నిప్పు పెట్టి బయటికొచ్చి నిలబడతాడు. సినిమాలో కత్తితో తలను పదేపదే నరుకుతాడు. ఏది ఎక్కువ భయంకరమో మళ్లీ వాదించను. సినిమా ఎంపికలో కోపం ఉంది, కామిక్ ఎంపికలో కోపం కూడా చల్లారిపోయిన శూన్యం ఉంది.

అయితే కామిక్‌లో ఆ సంచిక రోర్షాక్ కథతో ఆగదు. ఆ కథ విన్న మనిషి ఇంటికి వెళ్లి ఏమయ్యాడో చూపిస్తుంది. లాంగ్‌కు నిద్ర పట్టదు. భార్యతో మాట తగ్గిపోతుంది. ఇంటికి భోజనానికి వచ్చిన స్నేహితులు కుతూహలంతో అడిగితే, ఆ పాప కథను ఉన్నదున్నట్టు వాళ్ల ముందు చెప్పేస్తాడు. వాళ్లు భోజనం ముగించకుండా లేచి వెళ్లిపోతారు. చివర్లో ఒంటరిగా మంచం మీద కూర్చుని అదే సిరా మరకను చూస్తూ, అందులో చెట్టును చూడాలని ఎంత ప్రయత్నించినా చూడలేకపోతాడు. నయం చేయబోయిన వైద్యుడికి రోగి లోకదృష్టి అంటుకుంది. లోకంలో అర్థం లేదని రోర్షాక్ నమ్మాడు, ఇప్పుడు లాంగ్ కూడా నమ్ముతున్నాడు. సినిమాలో డాక్టర్ లాంగ్ కార్డులు చూపించి ప్రశ్నలడిగే వ్యక్తి మాత్రమే. ఆయనకు ఇల్లు లేదు, భార్య లేదు, నిద్రలేని రాత్రి లేదు. రోర్షాక్ మాటలకు వేదిక ఏర్పాటు చేయడంతో ఆయన పని అయిపోయింది.

ఆయన పదకొండో సంచికలో తిరిగి వస్తాడు, ఆ వీధి మలుపులోనే. అది 1985 నవంబరు 2, అర్ధరాత్రి దగ్గర పడుతున్న వేళ. భార్య ఆయనను వెతుక్కుంటూ వచ్చి, ఇతరుల బాధల్లో తలదూర్చడం మానేస్తేనే కలిసి బతకగలనని చెబుతుంది. సరిగ్గా అప్పుడే జోయీ, ఆలీన్ వీధిలో గొడవపడుతుంటారు, జోయీ ఆలీన్‌ను కొడుతుంటుంది. లాంగ్ అటు వెళ్లబోతాడు. వెళ్తే నన్ను మళ్లీ చూడవని గ్లోరియా హెచ్చరిస్తుంది. ఒకరికొకరు సాయపడటం తప్ప ఈ లోకంలో అర్థమున్నది మరొకటి లేదన్న భావంతో ఆయన ఆమెకు క్షమాపణ చెప్పి, ఆ ఇద్దరినీ విడదీయడానికి వెళ్తాడు. పోలీసులు కూడా కారు ఆపి దిగుతారు. బడ్డీవాడు, కుర్రవాడు అప్పుడే తమ ఇద్దరి పేరూ బెర్నార్డ్ అనే సంగతి తెలుసుకుని ఉంటారు. ఇన్ని సంచికలుగా విడివిడిగా తిరిగిన వీళ్లంతా ఒక గొడవ ఆపడానికి మొదటిసారి ఒకచోట చేరిన క్షణంలో తెల్లటి వెలుగు వస్తుంది. బడ్డీవాడు కుర్రవాణ్ణి తన ఒంటితో కప్పుతాడు. ఆ ఇద్దరి ఆకారాలూ గడి గడికీ చిన్నవై తెలుపులో కలిసిపోతాయి.

వాచ్‌మెన్ అంతటిలో నాకు అత్యంత విలువైన భాగం ఇదే. లోకానికి అర్థం లేదన్న రోర్షాక్‌కు, లక్షల మందిని లెక్కలో అంకెలుగా చూసిన ఓజిమాండియస్‌కు, మనుషుల మీద ఆసక్తే పోయిన డాక్టర్ మాన్‌హాటన్‌కు మూర్ ఇచ్చిన సమాధానం ఏ వీరుడి నోటా పలకదు. అర్థం లేదని పూర్తిగా నమ్మిన తర్వాత కూడా ఒక మామూలు మనిషి, తనకున్న చివరి బంధాన్ని పణంగా పెట్టి, ముక్కూమొహం తెలియని ఇద్దరి గొడవ ఆపడానికి అడుగు వేశాడు. ఓజిమాండియస్ శాంతి కోసం చంపింది ఇలాంటివాళ్లను. పైగా వాళ్లు చనిపోయే ముందు చేస్తున్నది కూడా ఒక చిన్న శాంతి ప్రయత్నమే. ఈ సంగతి తెలిసినవాడే అతని లెక్క సరైనదా కాదా అన్న ప్రశ్నను నిజంగా ఎదుర్కోగలడు. సినిమా చూసినవాళ్లతో మాట్లాడినప్పుడు, ప్రపంచం బతికింది కదా, అంతమంది పోయినా ఓజిమాండియస్ చేసింది కొంతవరకు సబబేనని చాలా తేలిగ్గా అనడం విన్నాను. వాళ్లను నేను తప్పు పట్టను. పోయినవాళ్లలో ఒక్కరి ఇంటికి కూడా సినిమా వాళ్లను తీసుకెళ్లలేదు. లాభం వైపు ప్రపంచం కనిపిస్తుంటే, నష్టం వైపు నీలి వెలుగు తప్ప ఏమీ కనిపించనప్పుడు త్రాసు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఎవరైనా నిడివి మాట ఎత్తుతారు. థియేటర్‌లో విడుదలైన సినిమా 162 నిమిషాలు. 12 సంచికల పుస్తకంలో ఏదో ఒకటి పోకుండా ఎలా ఉంటుందన్నది న్యాయమైన ప్రశ్నే. తర్వాత వచ్చిన దర్శకుడి కూర్పు 186 నిమిషాలకు, ఆపై అల్టిమేట్ కట్ అనే కూర్పు 215 నిమిషాలకు చేరాయి. ఈ చివరి కూర్పులో కుర్రవాడు చదివే సముద్రపు దొంగల కథను యానిమేషన్‌గా కలిపారు, దాని వెంట బడ్డీ దగ్గరి సన్నివేశాలూ కొన్ని వచ్చాయి, ఆ మేరకు సినిమా మెరుగైంది. కానీ గమనించండి, తిరిగి రావడానికి అర్హత సంపాదించినది కామిక్‌లోని కామిక్ గానీ, ఆ చుట్టూ ఉన్న వీధి కాదు. బడ్డీవాడు, కుర్రవాడు యానిమేషన్ కథకు తలుపు తీసి మూసే పాత్రలుగా వచ్చారు. డాక్టర్ లాంగ్ ఇంటి కథ 215 నిమిషాల్లో కూడా లేదు.

కామిక్‌ను తెరమీదికి తెస్తే ఇలాంటి నష్టం తప్పదనే వాదనను 2019లో అమెరికన్ టీవీ సంస్థ హెచ్‌బీఓ కోసం డేమన్ లిండెలాఫ్ చేసిన తొమ్మిది భాగాల సిరీస్ నా మట్టుకు కొట్టిపారేసింది. అది కామిక్‌లోని ఫ్రేములను నకలు చేయదు, పాత కథను మళ్లీ చెప్పదు. 1921లో టల్సా నగరంలో నల్లజాతివారి మీద జరిగిన ఊచకోతతో మొదలై, కామిక్ కథ ముగిసి ముప్పై ఏళ్లకు పైగా గడిచాక అదే లోకం ఏమైందో చూస్తుంది. స్క్విడ్‌ను అది నిలుపుకుంది. అంతకంటే ముఖ్యంగా, స్క్విడ్ వచ్చిన రాత్రిని ఐదో భాగంలో న్యూజెర్సీలోని ఒక కార్నివాల్‌లో ఉన్న ఒక కుర్రవాడి వైపు నుంచి చూపిస్తుంది. అతను అద్దాల గదిలోంచి బయటికొచ్చేసరికి చుట్టూ శవాలే. పెద్దయ్యాక పోలీసైనా ఆ భయం అతన్ని వదలదు. ఆ రాత్రి మళ్లీ వస్తుందేమోనన్న భయంతోనే అతని జీవితమంతా గడుస్తుంది. ఈ కుర్రవాడు కామిక్‌లో ఎక్కడా లేడు. అయినా డాక్టర్ లాంగ్‌ను రాసిన చేయి ఇతన్ని చూస్తే తన మనిషిగానే గుర్తుపడుతుందని నా నమ్మకం.

స్నైడర్‌కు ఇది చేతకాదని నేను అనుకోను. మొదటి ఐదారు నిమిషాల్లో అర్ధశతాబ్దాన్ని చెప్పగలిగిన దర్శకుడు, ఒక వైద్యుడి భోజనాల బల్లను రెండు నిమిషాల్లో చెప్పగలడు. కమెడియన్ ఇంట్లో పోరాటాన్ని పోలీసుల మాటల మధ్యకు తిరిగి పంపించి, సందులో ఎముక విరిగే శబ్దాలను తగ్గించి, కామిక్‌లో లేని చెరసాల నడవ పోరాటాన్ని వదులుకుంటే, బడ్డీ చుట్టూ నాలుగైదు చిన్న సన్నివేశాలకు, లాంగ్ ఇంట్లో ఒక రాత్రికి, జోయీ ఆలీన్‌ల గొడవకు చోటు 162 నిమిషాల్లోనే దొరుకుతుంది. ఆ తర్వాత నగరం మీదికి స్క్విడ్ వచ్చినా, నీలి వెలుగు వచ్చినా నాకు ఒకటే.